కత్తెర పడిన నీతి: స్కాట్లాండ్ పాత నాటకాల పునర్ముద్రణ కథ

1568 చివరి నెలల్లో ఎడిన్‌బరోలో మహమ్మారి ప్రబలింది. పనులు ఆగిపోయాయి. ఇంటిపట్టున ఉండిపోవాల్సి వచ్చిన జార్జ్ బానటైన్ అనే యువ వర్తకుడు మూడు నెలలపాటు కలం పట్టుకుని కూర్చుని, చేతికి దొరికిన స్కాటిష్ కవిత్వాన్నంతా ఒక పెద్ద రాతపుస్తకంలోకి ఎక్కించాడు. ఆ వరసలో సర్ డేవిడ్ లిండ్సే రాసిన ‘మూడు వర్గాలు’ నాటకం వచ్చింది. అక్కడ ఆగి అతను ఒక చిన్న వివరణ రాసుకున్నాడు. దాని సారాంశం ఇది: ఇందులోని గంభీరమైన విషయాన్ని వదిలేశాను, ఎందుకంటే ఆ దురాచారం స్కాట్లాండ్‌లో ఇప్పటికే చక్కబడింది, దేవుడికి స్తోత్రం, అందుకని అసలు సంగతి మానేసి సరదాగా ఉండే ముక్కలు మాత్రమే రాశాను.

నీతి చెప్పడానికి రాసిన నాటకంలోంచి నీతిని తీసేసి నవ్వును ఉంచుకోవడం! అదీ దురుద్దేశంతో కాదు, పని అయిపోయిందన్న తృప్తితో. స్కాట్లాండ్‌లో పాత నీతినాటకాలు తర్వాతి తరాలకు చేరిన తీరు అర్థం కావాలంటే ఈ ఒక్క వివరణను దగ్గర పెట్టుకుంటే చాలు. అక్కడ నాటకం రంగస్థలం మీద బతికిన రోజులు చాలా తక్కువ. కాగితం మీద బతికిన శతాబ్దాలు ఎక్కువ. కాగితం మీదికి ఎక్కించిన ప్రతివాడి చేతిలోనూ ఒక కత్తెర ఉంది.

బానటైన్ కత్తిరింపు 224 ఏళ్ల తర్వాత అచ్చులో మళ్లీ బయటపడింది. 1792లో జాన్ పింకర్టన్ అనే పండితుడు అరుదైన పాత ప్రతుల్లోంచి ఏరిన స్కాటిష్ రచనలను మూడు సంపుటాలుగా లండన్‌లో పునర్ముద్రించాడు. అందులో రెండు రంగస్థల రచనలున్నాయి. ఒకటి ‘ఫిలోటస్’ అనే ప్రహసనం. రెండోది లిండ్సేది. అయితే దాన్ని ఒక నాటకంగా వేయలేదు. ‘డేవిడ్ లిండ్సే రాసిన ఎనిమిది చిరునాటికలు’ అని వేశాడు. బానటైన్ సరదా ముక్కలు ముక్కలుగానే అచ్చయ్యాయి. రోజంతా నడిచే ఒక మహానాటకం, విడివిడి హాస్య దృశ్యాల కట్టగా 18వ శతాబ్దపు పాఠకుడి చేతికి వచ్చింది. ఈ సంపుటమే చదివినవాడికి లిండ్సే ఒక మంచి హాస్యగాడు అనిపించడంలో వింత లేదు. రాజ్యాన్నీ, చర్చినీ ఒకే పగటిపూట బోనెక్కించిన మనిషి అని మాత్రం తట్టదు.

నీతినాటకం అనే రూపం తెలుగువారికి మరీ కొత్తదేమీ కాదు. వివేకం, మహామోహం లాంటి గుణాలే పాత్రలుగా నడిచే కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం ‘ప్రబోధచంద్రోదయం’ ఉంది. దాన్ని 15వ శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగన తెలుగు ప్రబంధంగా మలిచారు. ఐరోపాలోనూ మధ్యయుగాల చివర ఇలాంటి పద్ధతే నడిచింది. మనిషి నడుమ నిలబడతాడు, ఒక పక్క నుంచి పాపాలు, మరో పక్క నుంచి పుణ్యాలు అతన్ని లాగుతుంటాయి. చాలా చోట్ల ఆ మనిషి ‘ఎవరైనా సరే’ అనదగ్గ సగటు మనిషి. లిండ్సే చేసిన మార్పు ఇక్కడే ఉంది. అతని మనిషి ఒక రాజు. రాజు చెడితే రాజ్యమంతా చెడుతుంది కాబట్టి, ఆత్మను కాపాడుకోవడం అనే సొంత వ్యవహారం కాస్తా పన్నులు, కోర్టులు, పార్లమెంటు అనే బహిరంగ వ్యవహారం అయిపోతుంది.

ఇది కోట బయట నిలబడి రాయి విసిరినవాడి రాత కాదు. ఫైఫ్ ప్రాంతంలో కూపర్ పట్టణం దగ్గర ‘ద మౌంట్’ అనే చిన్న ఎస్టేటు లిండ్సేది. అయిదో జేమ్స్ రాజు పసివాడిగా ఉన్నప్పుడు అతన్ని ఎత్తుకుని ఆడించిన కొలువు ఉద్యోగి. తర్వాత లయన్ కింగ్ అనే పదవిలో రాజచిహ్నాలు, ఊరేగింపులు, రాయబారాలు చూసుకున్నాడు. రాజదర్బారు అట్టహాసం లోపలి నుంచి ఎలా ఉంటుందో అతనికి తెలిసినంతగా తెలిసినవాళ్లు తక్కువ.

1540 జనవరిలో లిన్లిత్‌గో రాజభవనంలో రాజు, రాణి మేరీ ఆఫ్ గీజ్ ముందు ఒక చిన్న నాటిక ఆడారు. దాని పాఠం దక్కలేదు. సర్ విలియం యూర్ అనే ఇంగ్లిష్ అధికారి, ఇంగ్లండ్ రాజు మంత్రి అయిన థామస్ క్రాంవెల్‌కు రాసిన ఉత్తరం వల్ల మాత్రం దాని సంగతి తెలిసింది. మతాధికారుల ఆగడాలను అందులో ఎండగట్టారట. ఆట అయ్యాక రాజు అక్కడే ఉన్న బిషప్పులను పిలిచి, నడత మార్చుకోకపోతే మీలో బాగా మిడిసిపడే ఆరుగురిని ఇంగ్లండ్‌లో ఉన్న నా మేనమామ దగ్గరికి పంపిస్తానని బెదిరించాడట. ఆ మేనమామ ఎనిమిదో హెన్రీ. మఠాలను మూయించి ఆస్తులు లాక్కుంటున్న రాజు. బెదిరింపు ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

ఈ బీజమే పెరిగి 1552 జూన్ 7న కూపర్ కోటదిబ్బ దగ్గర ఆరుబయట నాటకమైంది. 1554 ఆగస్టు 12న ఎడిన్‌బరో శివార్లలోని గ్రీన్‌సైడ్‌లో, అప్పటికి రాజప్రతినిధిగా పాలిస్తున్న మేరీ ఆఫ్ గీజ్ ఎదుట మళ్లీ ఆడారు. ఉదయం తొమ్మిదికి మొదలైన ఆట సాయంత్రం ఆరు దాకా సాగిందని, ఆనాటి సంగతులను 1568లో హెన్రీ చార్టరిస్ అనే ముద్రాపకుడు రాశాడు. తొమ్మిది గంటలు! పంక్తులు నాలుగున్నర వేలకు పైమాటే. మధ్యలో ఫలహారాలకు విరామం ఉండేదని రంగ సూచనలే చెబుతున్నాయి.

ఆ విరామంలో జరిగే సంగతి దగ్గర కాస్త నిలబడాలి. రాజు, బిషప్పులు, పెద్ద పాత్రలు ఆసనాలు విడిచి వెళ్లారు. జనం తింటున్నారు, తాగుతున్నారు. ఆ సందులోంచి చినిగిన బట్టలతో ఒక పేదవాడు ఆటస్థలంలోకి చొరబడి అడుక్కుంటాడు. డిలిజెన్స్ అనే పాత్ర, అంటే మన లెక్కలో సూత్రధారుడు, ఈ బిచ్చగాణ్ని ఎవరు రానిచ్చారని కసురుకుంటాడు. పేదవాడు లెక్కచేయక నిచ్చెనెక్కి ఖాళీగా ఉన్న రాజు కుర్చీలో కూర్చుంటాడు. సూత్రధారుడు నిచ్చెన లాగేస్తే మంచె మీంచి కిందికి దూకుతాడు. ఇతను పాత్రధారా, నిజంగానే దారితప్పి వచ్చిన బిచ్చగాడా అన్న అనుమానం చూసేవాళ్లకు కొంతసేపయినా కలగాలన్నదే రచయిత ఉద్దేశం.

తర్వాత అతను తన కథ చెబుతాడు. ఎనభై దాటిన తండ్రి, తొంభై అయిదేళ్ల తల్లి మాల్డ్, భార్య మెగ్. ఉప్పు, బొగ్గు మోసే ఒక ఆడగుర్రం. అది ఏటా ఒక పిల్లను పెట్టేది. బాగా బలిసిన మూడు ఆవులు. తండ్రి చనిపోయాడు. పొలంలో మేస్తున్న బూడిదరంగు గుర్రాన్ని భూస్వామి చావు సుంకం కింద తోలుకుపోయాడు. చర్చి వికార్, అంటే ఊరి పాదిరీ, వచ్చి మంచి ఆవును తల పట్టుకుని లాక్కుపోయాడు. తల్లి పోయింది, రెండో ఆవు పోయింది. దిగులుతో మెగ్ కూడా పోయింది, మూడో ఆవూ పోయింది. చనిపోయినవాళ్ల పైబట్టలు, అవీ ముతక బూడిదరంగు నేత బట్టలే, వాటిని కూడా వికార్ గుమాస్తా మూటగట్టుకుపోయాడు. ఆపైన దశమభాగం, అంటే రాబడిలో చర్చికి ఇవ్వాల్సిన పదో వంతు, చెల్లించలేదని చర్చి పెద్ద వెలివేశాడు; ఈస్టరుకు ప్రసాదం కూడా పెట్టలేదు. ఇప్పుడు అతని దగ్గర మిగిలింది ఒక్క ఇంగ్లిష్ నాణెం. దాన్ని లాయరుకు ఇచ్చి న్యాయం అడుగుదామని సెంట్ ఆండ్రూస్‌కు నడిచిపోతున్నాడు. నీ అంత వెర్రివాణ్ని చూడలేదయ్యా, చర్చివాళ్ల మీద చట్టంతో గెలుద్దామనుకుంటున్నావా, నువ్వు చచ్చేదాకా అది జరగదు అంటాడు సూత్రధారుడు.

ఇక్కడ గమనించాల్సింది లిండ్సే లెక్క. మూడు చావులు, మూడు ఆవులు, ఒక గుర్రం, ఒక మూట. వాడు దోచుకున్నాడు, వీడు పీడించాడు అన్న పెద్దమాట ఒక్కటీ లేదు. పద్దుపుస్తకం చదివినట్టు చదువుతాడు. కోపం అంతా ఆ లెక్కలోనే ఉంది.

అంతలో పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునేవాడు బల్ల వేస్తాడు. వాడి దగ్గర పవిత్ర అవశేషాలున్నాయి: పురాణవీరుడు ఫిన్ మెకూల్ దవడ ఎముక పళ్లతో సహా, ఒక ఆవు కొమ్ము, సరిహద్దు దోపిడీదారు జానీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఉరితీసిన తాడు. జానీని ఉరితీయించింది అయిదో జేమ్సే, 1530లో. అంటే ప్రేక్షకుల్లో నడివయసువాళ్లకు ఆ ఉరి గుర్తున్న సంగతే. పేదవాడు తన చివరి నాణెం ఇచ్చి వెయ్యేళ్ల క్షమాపణ కొంటాడు. కొన్నాక, నేను కొన్న సరుకు ఏదీ, కంటికి చూపించు అంటాడు. చూపించడానికి ఏముంది? ఇద్దరూ కలబడతారు, బల్ల బోల్తాపడుతుంది, అవశేషాలు నీళ్లలో పడతాయి.

ఈ దృశ్యం బానటైన్ ఉంచుకున్న సరదా ముక్కల్లో ఉంది. నిజమే, నవ్వు తెప్పిస్తుంది. కానీ మూలంలో ఆ పేదవాడు వేసిన ప్రశ్నే రెండో భాగానికి తలుపు. విరామం ముగిశాక మూడు వర్గాలు, అంటే మతాధికారులు, ప్రభువులు, పట్టణ వర్తకులు, పార్లమెంటుకు వెనక్కి నడుస్తూ వస్తారు. వాళ్ల చేతులు పట్టుకుని నడిపిస్తున్నవి వాళ్లవాళ్ల పాపాలే. వర్తకులను అబద్ధం, మోసం నడిపిస్తాయి; ప్రభువులను దౌర్జన్యం. ఎందుకు ఇలా నడుస్తున్నారని అడిగితే, మేం ఎప్పుడూ ఇలాగే నడిచామండీ, బాగానే ఉంది అన్న ధోరణిలో జవాబిస్తారు. అప్పుడు జనంలోంచి ‘జాన్ ద కామన్‌వీల్’, అంటే ప్రజాక్షేమం అనే పేరున్న మనిషి, ఆటస్థలం చుట్టూ ఉన్న కాలువ దూకి లోపలికి వస్తాడు. ఒంటి మీద చింపిరి బట్టలు. పేదవాడు చెప్పిన ఆవుల సంగతి ఇప్పుడు పార్లమెంటు ముందుకు ఫిర్యాదుగా వస్తుంది. ఇందాక కబుర్లలో నవ్వినదానికి ఇప్పుడు చట్టసభ జవాబు చెప్పాలి. విరామంలో వచ్చే నవ్వు ఈ చర్చకు బయానా లాంటిది. నవ్వు ముక్కను విడదీసి అచ్చేస్తే బయానా తీసుకుని బేరం ఎగ్గొట్టినట్టే.

బానటైన్‌ను తప్పుపట్టడానికి లేదు. 1560లో స్కాట్లాండ్ పార్లమెంటు పోపు అధికారాన్ని తోసిపుచ్చింది. 1568 నాటి ఎడిన్‌బరో పౌరుడికి వికార్ ఆవు కథ ముగిసిన కథ. తన కాలంలో తీరిన ఫిర్యాదును ఎవరు మళ్లీ రాసుకుంటారు? పైగా ఆ ఫిర్యాదులో సగం మాత్రమే తీరిందని, భూస్వామి తోలుకుపోయిన గుర్రం సంగతి అలాగే ఉందని అతనికి తట్టకపోయి ఉండవచ్చు. వర్తకులను నడిపించే మోసం సంగతి వర్తకుడైన అతనికి అంత సరదాగా అనిపించకపోయి ఉండవచ్చు కూడా.

పూర్తి పాఠం అచ్చులోకి వచ్చింది 1602లో. 1568లో లిండ్సే రచనలు ముద్రించిన హెన్రీ చార్టరిస్ ఈ నాటకం జోలికి పోలేదు. ముందుమాటలో తలుచుకుని ఊరుకున్నాడు. అతని కొడుకు రాబర్ట్ చార్టరిస్ దాన్ని అచ్చుకెక్కించాడు. గ్రీన్‌సైడ్ ప్రదర్శనకు 48 ఏళ్ల తర్వాత! అప్పటికి స్కాట్లాండ్‌లో ఆరుబయట ఆటల రోజులు దాదాపు పోయాయి. 1555లోనే రాబిన్‌హుడ్ వేషాలు, మే పండుగ రాణి వేషాలు పార్లమెంటు చట్టంతో నిషిద్ధమయ్యాయి. 1575లో చర్చి మహాసభ బైబిల్ కథలను నాటకాలుగా ఆడకూడదని, మిగతా నాటకాలను కూడా ముందుగా పరిశీలించాకే ఆడనివ్వాలని, అదీ ఆదివారం పనికిరాదని తీర్మానించింది. 1599లో ఆరో జేమ్స్ రాజు ఇంగ్లిష్ నటులకు ఎడిన్‌బరోలో ఆడుకోవడానికి అనుమతిస్తే, నగర చర్చి పెద్దలు వాళ్ల ఆటలకు ఎవరూ పోరాదని ప్రకటించారు. రాజు పట్టుబట్టి ఆ ప్రకటనను వెనక్కి తీయించాడు. నాలుగేళ్లకే ఆ రాజు ఇంగ్లండ్ సింహాసనం ఎక్కడానికి దర్బారుతో సహా లండన్ వెళ్లిపోయాడు. నాటకానికి ఉన్న ఒక్క పెద్ద అండ కూడా పోయింది. లండన్‌లో నాటకశాలలు కిటకిటలాడుతున్న సమయంలో ఎడిన్‌బరోలో నాటకం చదువుకునే పుస్తకంగా మిగిలింది.

అలా చూస్తే 1602 ప్రతిలోని రంగ సూచనలు ఎంత విలువైనవో తెలుస్తుంది. అబద్ధాన్ని ఉరితీసే చోట ఒక సూచన ఉంది: అతన్ని పైకి లాగాలి, అప్పుడు ఒక కాకినో, దాని జాతి చిన్న పిట్టనో పైకి ఎగరేయాలి, అది అతని ఆత్మ అన్నట్టుగా. ఆరుబయట, వేలమంది తలలెత్తి చూస్తుండగా, నల్లపిట్ట రెక్కలు కొట్టుకుంటూ పోతుంది. ‘కాకి గానీ, ఆ పిట్ట గానీ’ అన్న ఆ ‘గానీ’లో ఆట సిద్ధం చేసిన మనిషి కనిపిస్తాడు. ఏది దొరికితే అది! ముఖస్తుతి మాత్రం ఉరి తప్పించుకుంటుంది. తోటివాళ్ల గుట్టు బయటపెట్టి, తానే ఉరితీసే పనికి సాయం చేసి బయటపడుతుంది. ఏ సంస్కరణ వచ్చినా నష్టపోని పాత్ర అది ఒక్కటే. ఈ నాటకంలో తెలివైన ఊహ ఇదేననిపిస్తుంది.

మరుసటి ఏడు, 1603లో, రాబర్ట్ చార్టరిస్ ‘ఫిలోటస్’ను అచ్చేశాడు. రచయిత పేరు లేదు. శీర్షిక మాత్రం పొడవైనది. దాన్ని నాటకం అనలేదు. ‘ముసలితనానికీ, యవ్వనానికీ జరిగే పెళ్లిలో వచ్చే పెద్ద చిక్కులను చూపే చాలా చక్కని, ఆహ్లాదకరమైన గ్రంథం’ అన్నాడు. కథ చూస్తే గ్రంథం మాట అటుంచి, వీధి ప్రహసనం. ఎనభై ఏళ్ల ధనవంతుడు ఫిలోటస్‌కు పద్నాలుగేళ్ల ఎమిలీ కావాలి. తార్పుడుకత్తె ఒకతె వచ్చి ముసలివాడి ఇంట్లో దొరికే పట్టుబట్టలు, పిండివంటలు, సుఖాలు ఏకరువు పెడుతుంది. తండ్రి ఒప్పుకుంటాడు. పిల్ల మగవేషం వేసుకుని ప్రియుడితో పారిపోతుంది. ఆమె పోలికలే ఉన్న అన్న ఊళ్లోకి వస్తాడు. అతన్నే ఎమిలీ అనుకుని ముసలివాడు పెళ్లాడతాడు. కొత్త పెళ్లికూతురి చేతి దెబ్బలు తింటాడు.

ఇది చదువుతుంటే తెలుగు పాఠకుడికి లుబ్ధావధాన్లు, ఆడవేషంలో మహేశం గుర్తుకు రాకుండా ఉండరు. రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. ‘ఫిలోటస్’ కథ 1581లో బార్నబీ రిచ్ అనే ఇంగ్లిష్ రచయిత అచ్చేసిన కథల పుస్తకం నుంచి వచ్చింది. డబ్బున్న ముసలివాడు, అమ్ముకునే తండ్రి ఉన్న చోటల్లా ఈ ఉపాయం ఎవరికో ఒకరికి తోస్తుంది కాబోలు. ప్రతుల సంగతిలోనూ ఒక పోలిక ఉంది. ‘కన్యాశుల్కం’ 1897 ప్రతికీ, 1909 ప్రతికీ ఎంత తేడా ఉందో, ఏది చదివితే ఏ గురజాడ కనిపిస్తాడో మనకు తెలుసు. ‘ఫిలోటస్’ పాఠం అంతగా మారలేదు గానీ దాని మీది చీటీ మారింది. 1612లో ఆండ్రో హార్ట్ మళ్లీ అచ్చేసినప్పుడు ‘గ్రంథం’ పోయి ‘కామెడీ’ వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట నీతి ముసుగు వేసుకుని అంగట్లోకి వచ్చిన పుస్తకం, ముసుగు తీసి నవ్వులాటగా అమ్ముడుపోయింది.

నీతి ఎంత తేలిగ్గా చేతులు మారుతుందో చూపించే నాటకం మరొకటి ఉంది. అది స్కాట్స్‌లో కాదు, లాటిన్‌లో ఉంది. స్కాట్లాండ్ పండితుడు జార్జ్ బుకానన్ ఫ్రాన్స్‌లోని బోర్డోలో పంతులుగా ఉన్నప్పుడు విద్యార్థులు ఆడటానికి బైబిల్ కథలతో ‘జెఫ్తెస్’, ‘బాప్టిస్టెస్’ రాశాడు. చిన్నప్పుడు బుకానన్ లాటిన్ విషాదనాటకాల్లో వేషం వేశానని వ్యాసకర్త మోంతేన్ స్వయంగా చెప్పుకున్నాడు. ‘బాప్టిస్టెస్’ కథ స్నానికుడైన యోహానును హేరోదు రాజు చంపించడం. 1550లో బుకానన్ లిస్బన్‌లో మతవిచారణాధికారులకు చిక్కాడు. ఈ నాటకానికి అర్థమేమిటన్న ప్రశ్న వస్తే, ఇది ఇంగ్లండ్‌లో పోపు పక్షం వీడని థామస్ మోర్‌ను ఎనిమిదో హెన్రీ చంపించిన వైనం అన్నాడు. కేథలిక్ విచారణాధికారుల ముందు చెప్పదగ్గ అర్థమే. 1577లో నాటకం అచ్చయినప్పుడు అదే మనిషి దాన్ని తన శిష్యుడైన బాల రాజు ఆరో జేమ్స్‌కు అంకితమిచ్చాడు. నిరంకుశులు పడే వేదన ఇందులో ఉంది, రేపు చెడు సలహాలు విని నువ్వు దారి తప్పితే తప్పు నీదే గానీ గురువులది కాదనడానికి ఈ పుస్తకం సాక్షి అన్నట్టుగా రాశాడు. పదేళ్ల పిల్లవాడికి ఇచ్చే కానుకేనా ఇది! 1643లో, జేమ్స్ కొడుకు చార్లెస్ మీద పార్లమెంటు యుద్ధం చేస్తున్నప్పుడు, దీని ఇంగ్లిష్ అనువాదం లండన్‌లో ‘నిరంకుశ పాలన శవపరీక్ష’ అనదగ్గ శీర్షికతో వెలువడింది. పాఠం అదే, యోహాను అతడే. కాలాన్ని బట్టి హేరోదు మారుతూ వచ్చాడు.

స్కాట్లాండ్ కవి విలియం అలెగ్జాండర్ 1603 నుంచి 1607 దాకా వెలువరించిన ‘రాజుల విషాదాలు’ కూడా ఈ కోవలోవే. దారియస్, క్రీసస్ లాంటి రాజుల పతనాన్ని నీతిగా చెబుతాయి. ఆడటానికి రాసినవి కావు. ప్రతి కొత్త ముద్రణలోనూ స్కాట్స్ పలుకులు తగ్గి ఇంగ్లిష్ పెరగడం ఒక్కటే వాటిలో గమనించదగ్గ ఆసక్తి.

19వ శతాబ్దంలో కత్తెర పక్కకు పోయి భూతద్దం వచ్చింది. వాల్టర్ స్కాట్ అధ్యక్షుడిగా 1823లో పెట్టిన బానటైన్ క్లబ్, పాత పుస్తకాలను అక్షరం పొల్లుపోకుండా సభ్యుల కోసం కొద్ది ప్రతులు అచ్చేసేది. ‘ఫిలోటస్’ను 1835లో అలాగే వేసింది. నాటకాన్ని ముక్కలు చేసిన వర్తకుడి పేరే ఈ క్లబ్బుకు పెట్టుకోవడం తమాషా. లిండ్సే నాటకం పూర్తి పాఠాన్ని 1806లో జార్జ్ చామర్స్, 1879లో డేవిడ్ లెయింగ్ తమ సంపుటాల్లో చేర్చారు.

ఆ రెండింటి నడుమ వచ్చిన ఒక ముద్రణకు మన దేశంతో నిజమైన లంకె ఉంది. 1869లో ప్రాచీన ఆంగ్ల గ్రంథాల సంఘం తరఫున ఈ నాటకాన్ని పరిష్కరించినవాడు ఫిట్జ్‌ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్. 1846లో గంగ ముఖద్వారం దగ్గర ఓడ దెబ్బతిని కలకత్తాలో చిక్కుకుని, సంస్కృతం నేర్చి, కాశీలో ప్రభుత్వ సంస్కృత కళాశాలలో ఆచార్యుడైన మనిషి. లిండ్సే ముద్రణకు నాలుగేళ్ల ముందు, 1865లో, కలకత్తాలో అతను అచ్చేయించిన పుస్తకం ధనంజయుడి ‘దశరూపకం’. దానికి భరతుడి నాట్యశాస్త్రం నుంచి కొన్ని అధ్యాయాలు కూడా జతచేశాడు. నాటకం ఎన్ని రకాలు, ప్రహసనం అంటే ఏమిటి, సూత్రధారుడు ఏం చేయాలి అన్న సూత్రాలు పరిష్కరించిన చేతులే గ్రీన్‌సైడ్ పేదవాడి ప్రూఫులు కూడా దిద్దాయన్నమాట.

ఇలాంటి నమ్మకమైన పునర్ముద్రణల్లో పాఠకుడికి తగిలే మొదటి రాయి లిపి. ‘ఫిలోటస్’ శీర్షికలో యవ్వనం అనే మాటకు మొదటి అక్షరం జెడ్. చదివినవాడు ‘జూత్’ అనుకుంటాడు. అసలు పాత స్కాట్స్‌లో ‘య’ ధ్వనికి 3 అంకెలా ఉండే ఒక అక్షరం ఉండేది. అచ్చు పెట్టెల్లో ఆ దిమ్మ లేక ముద్రాపకులు చూపుకు దగ్గరగా ఉన్న జెడ్ దిమ్మ పెట్టేశారు. ఇప్పటికీ స్కాట్లాండ్‌లో మెంజీస్ అని రాసుండే ఇంటిపేరును పాతకాలపువాళ్లు ‘మింగిస్’ అని పలకడానికి కారణం అదే. మన పాత ముద్రణల్లో అరసున్నలు, బండి ఱలు చూసి బెదిరే పాఠకుడికి ఈ బాధ తెలుసు. ఉంచితే పాఠకుడు పోతాడు, తీస్తే కాలం పోతుంది. ఈ విషయంలో పరిష్కర్తలు ఉంచడమే మంచిదని ఈ వ్యాసం వాదన; పలకడం నేర్పే పని పీఠికకు వదిలేయవచ్చు.

నాటకం కాగితం వదిలి మళ్లీ నేల మీద కాలు పెట్టింది 1948లో. రెండో ఏట అడుగుపెట్టిన ఎడిన్‌బరో ఉత్సవం కోసం దర్శకుడు టైరోన్ గత్రీ దీన్ని ఎంచుకున్నాడు. నాటకశాలలన్నీ సరిపోవనిపించి, చివరికి చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ మహాసభ కూర్చునే హాలునే పట్టాడు. ప్రేక్షకులు మూడు వైపులా కూర్చునేలా వేదికను వాళ్ల నడుమకు చొచ్చుకొచ్చేలా కట్టించాడు. నాటకాలను ముందుగా పరిశీలించాలని 1575లో తీర్మానించిన సభకు వారసులైన పాదిరీలు కూర్చునే బల్లల మీద కూర్చుని, జనం మతాధికారులు వెనక్కి నడుచుకుంటూ రావడం చూశారు. ఆ వేదిక పద్ధతినే గత్రీ తర్వాత కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌కు పట్టుకెళ్లాడు. అయితే ఆడింది పూర్తి నాటకం కాదు. రాబర్ట్ కెంప్ దాన్ని ఒక సాయంత్రానికి సరిపడా కుదించాడు. అందరికీ తెలిసిన లిండ్సే మళ్లీ కుదించిన లిండ్సేనే. మొదట నుంచి చివర దాకా ఉన్న పాఠాన్ని 2013లో లిన్లిత్‌గో రాజభవనం పక్కన ఆరుబయట ఆడారు. 1540లో అయిదో జేమ్స్ బిషప్పులను బెదిరించిన భవనం అదే.

బానటైన్ గురించి ఒక మాట మిగిలింది. 1602 పూర్తి ప్రతిలో లేనిది ఒకటి అతని రాతపుస్తకంలో ఉంది. కూపర్‌లో ఆటకు ముందు ఊళ్లో వేసిన చాటింపు అది. అందులో ముసలి భర్త తల కింద దాచిన తాళంచెవిని కాజేసే పడుచు పెళ్లాం, బడాయిలు పోయే సిపాయి, పెళ్లాంతో కీచులాడే కూలి రైతు ఉన్నారు. నీతి ఏమీ లేదు కాబట్టి సరదా పద్దు కింద అది బతికిపోయింది. వేరే ఎక్కడా దాని ప్రతి లేదు. 1552లో ఫైఫ్ జనాన్ని ఎలా పిలిచారో ఆ ముక్క వల్లే తెలుస్తోంది: పొద్దున ఏడింటికే మొదలుపెడతాం, వేళకు కోటదిబ్బకు చేరండి, సీసాల నిండా మంచి ఘాటైన వైను నింపుకు రండి, మేం ఏం పాడినా ఏం అన్నా కోపగించుకోకండి.